తిమ్మక్క దాచిన కార్డు

ఉత్తరాలు రాసేదానికి కూడా చదువు కావాలా అని ఆ ఎండాకాలం మా అత్త నన్ను ఎన్నిసార్లు అడిగిందో చెప్పలేను. పొద్దున నీళ్ళకు పోయేటప్పుడు ఒకసారి, సంగటి గెలికేటప్పుడు ఒకసారి, పడుకునేముందు మరిచిపోకుండా ఇంకొకసారి అడిగేది. అడిగి, జవాబు వినకుండా ఇంకో మాటలోకి పోయేది.

అది పందొమ్మిది వందల ఎనభై నాలుగు. కుందుర్పికి రెండు మైళ్ళ అవతల మా ఊరు. రెండేళ్ళుగా వాన మొహం చాటేసింది. చెనక్కాయలు విత్తేవాళ్ళు లేక గొర్రులు గోడలకు ఆనించి ఉండేవి. కాళ్ళూ చేతులూ ఆడే మగవాళ్ళంతా బెంగళూరికి కట్టడం పనులకు పోయారు. ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళు సాయంత్రమయ్యేసరికి మా అరుగు మీదికి చేరేవాళ్ళు. నేను హిందూపురంలో బి.ఏ. చదివి ఆ ఊరికి కోడలిగా వచ్చినదాన్ని కాబట్టి, మొగుళ్ళకూ కొడుకులకూ ఉత్తరాలు రాసిపెట్టే పని నాది.

రాసేది నేను. పెత్తనం మాత్రం మా అత్త తిమ్మక్కది. ఆమెకు అక్షరం ముక్క రాదు. అయినా గోడకు ఆనుకొని కాళ్ళు చాపుకొని కూర్చుని, ఎవరి ఉత్తరంలో ఏ మాట ఎక్కడ ఉండాలో చెప్పేది. ఒకసారి సుంకమ్మ బర్రెను అమ్ముకుని వచ్చి, "ఎనుము అమ్మేసినామని రాయి పాపా" అంటే, నేను కలం పెట్టానో లేదో అత్త అడ్డుపడింది.

"ఆ మాట మొదాట్లో రాయొద్దు. పిల్లోళ్ళు బాగుండారని రాయి. నాయనకి జొరం తగ్గిందని రాయి. ఎనుము సంగతి అడుగున పెట్టు."

"ఎందుకత్తా? ఎక్కడ రాసినా చదివేదే గదా."

"పని దిగి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే సదువుతాడు. ఎనుము పోయిందని మొదాట్లోనే ఉంటే వానికి ముద్ద దిగుతాదా?"

సుంకమ్మ తల ఊపింది. నేను కొట్టేసి మళ్ళీ రాశాను. అప్పుడు విసుక్కున్నాను గానీ, నిజం చెప్పాలంటే ఆమె చెప్పిందే సరి.

నాకు ఒక పరాభవం జరిగింది. మా ఊరికి నీళ్ళ ట్యాంకరు పంపమని ఆ వేసవిలో మూడు అర్జీలు రాశాను. ఒక్కొక్కటీ నాలుగు పేజీలు. కరువుకాలపు కష్టాలన్నీ కళ్ళకు కట్టినట్టు రాశానని నాకు గొప్ప. మూడోది స్వయంగా పట్టుకుపోతే, తాలూకా ఆఫీసులో గుమాస్తా దాన్ని చేత్తో తూచినట్టు ఎత్తి పట్టుకుని, "ఇంత రాస్తే ఎవురు సదువుతారమ్మా? ఏం గావాల్నో అది చెప్పు" అన్నాడు. ట్యాంకరు కావాలన్నాను. "ఆ మాట ఇందులో యాడుండాది?" అని అడిగాడు. వెతికితే మూడో పేజీ చివర దొరికింది. సిగ్గుతో నా చెవులు మండిపోయాయి. దారి పొడుగునా ఏడుస్తూ నడిచి వచ్చాను.

ఆ వారంలోనే మా ఆయన పేపర్లోంచి చిన్న ముక్క కత్తిరించి తెచ్చాడు.

మా ఆయన హనుమంతరాయుడు. నా పేరు అంజనమ్మ. అంజనమ్మకు హనుమంతుడు కొడుకు కావాలి గానీ మొగుడెట్లా అయ్యాడని పెళ్ళిలో మొదలుపెట్టిన ఎగతాళిని ఊళ్ళోవాళ్ళు ఇంకా మానలేదు. ఆయన ఊరి బళ్ళో టీచరు. ఉన్న మాటలన్నీ పిల్లల దగ్గర ఖర్చుపెట్టి ఖాళీ నోటితో ఇంటికి వచ్చేవాడు. అన్నం పెట్టనా అంటే ఊ, చాలా అంటే ఊ. ఆ ఊకూ ఈ ఊకూ తేడా తెలుసుకోవడానికి నాకు ఆరునెలలు పట్టింది. మంచివాడు. కానీ గోడకు మంచితనం ఉంటే ఎలా ఉంటుందో అలాంటి మంచివాడు.

ఆ కాగితం ముక్కను నా ముందు పెట్టి, "చూడు" అన్నాడు.

హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయం ఆ ఏడు కొత్తగా పెట్టిన కోర్సు అది. వృత్తి రచనలో, పత్రికా రచనలో పీజీ డిప్లొమా. డిగ్రీ చదివినవాళ్ళు అర్హులు. ఒక సంవత్సరం. హాస్టలు ఉంది, ఎంపికైనవాళ్ళకు స్కాలర్‌షిప్పు కూడా ఉంది. అర్జీలు, నివేదికలు, వార్తలు, రేడియోకు రాతలు, జనానికి అర్థమయ్యేలా ఎట్లా రాయాలో నేర్పుతారట. రాయడాన్ని కూడా ఒక పనిగా, వడ్రంగం నేర్పినట్టు నేర్పే చోటు ఒకటి ఉందని నాకు అంతవరకూ తెలియదు. ఆ చదువు నాకు ఎంత కావాలనిపించిందంటే, నెత్తిన కడవతో నడుస్తూ దరఖాస్తులో ప్రశ్నలకు పైకే జవాబులు చెప్పుకునేదాన్ని. ఎదురొచ్చినవాళ్ళు ఎండదెబ్బ తగిలిందేమోనని చూసేవాళ్ళు.

"రాసేదానికి సదువేందమ్మే?" అంది అత్త, సంగతి తెలియగానే. "దినామూ రాస్తానే ఉండావు గదా. వచ్చిన పనిని మళ్ళా నేర్చుకునేకి హైదరాబాదు పోతారా యాడన్నా?"

"నాకు సరిగా రాదత్తా. వచ్చింటే ట్యాంకరు వచ్చేది."

"వాన రాకపోయేది కూడా నీ రాతలోని తప్పేనా?"

అక్కడినుంచి రోజుకొక కారణం. హైదరాబాదులో బియ్యం తిని కడుపు చెడుతుంది. హాస్టల్లో పల్లె పిల్లల్ని ఏడిపిస్తారు. ఏడాది ఇల్లు వదిలిన కోడల్ని చూసి చుట్టాలు నవ్వుతారు. నీళ్ళు ఎవరు మోస్తారు? నేను ప్రతి కారణానికీ ఒక జవాబు తయారు పెట్టుకునేదాన్ని. ఆమె జవాబు వినేది కాదు, కొత్త కారణం తెచ్చేది. ఇంతలో ఆయన నాచేత దరఖాస్తు నింపించి కుందుర్పి పోయి పోస్టు చేసి వచ్చాడు. తల్లితో ఏమీ చెప్పలేదు. నాతోనూ చెప్పలేదు. చొక్కా జేబులో రసీదు కనబడితే తెలిసింది.

అప్పటినుంచి అత్త కారణాలు చెప్పడం మానేసింది. శనివారం శనివారం ఆంజనేయస్వామి గుడికి పోయి ఎర్రటి ఎండలో పదకొండు ప్రదక్షిణలు చేసి వచ్చేది. వాన కోసం అనుకున్నాను.

ఆయనకు జూన్ మొదటివారంలో కళ్యాణదుర్గంలో టీచర్ల ట్రైనింగు పడింది. ఇంట్లో మేమిద్దరమే. మంగళవారం పొద్దున నేను మైలు దూరంలో ఉన్న బోరింగుకు నీళ్ళకు పోయాను. అప్పుడు పోస్టు పుల్లన్న వచ్చాడు.

ఆ తర్వాత జరిగింది నాకు పుల్లన్న చెప్పాడు. నా పేరున కార్డు వచ్చింది. ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. పుల్లన్న ఇంగ్లీషు చిరునామాల వరకే. అయితే కార్డు ఒక మూల నల్లగా అలికినట్టు ఉంది. ఏ ఆఫీసులోనో ముద్ర సిరా ఒలికింది, అంతే. కానీ మా వైపు మూలకు నలుపు పూసిన కార్డు వచ్చిందంటే దాని అర్థం పసిపిల్లలకు కూడా తెలుసు. పసుపు పూస్తే పెళ్ళి, నలుపు పూస్తే చావు. అలాంటి కార్డును గడప దాటనివ్వరు. బయటే చదివించుకుని, అక్కడికక్కడే చింపి, కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తారు.

"కోడలి పేరున ఉండాదక్కా," అన్నాడట పుల్లన్న, కార్డును తోక పట్టుకున్న ఎలుకలాగా దూరంగా పట్టుకుని.

మా నాయన ఈశ్వరప్పకు ఉగాది ముందర గుండెల్లో నొప్పి వచ్చింది. అది మా అత్తకు తెలుసు. ఇంకెవరు పోయారని నాకు నల్ల కార్డు వస్తుంది? ఊళ్ళో ఇంగ్లీషు చదవగలిగినవాళ్ళు ఇద్దరే. ఒకడు ట్రైనింగులో ఉన్నాడు, రెండోదాన్ని నేను. కుందుర్పికి పంపి ఎవరిచేతైనా చదివిద్దామా అన్నాడట పుల్లన్న. వద్దంది అత్త. ఒకరు చదివితే ఊరంతా తెలుస్తుంది, బిడ్డ కడవ దించకముందే వచ్చి గుండెలు బాదుకుంటారు అని. కార్డును నాలుగు వేపాకులతో కలిపి పాత గుడ్డలో చుట్టి, మేకల కొట్టం చూరులో దోపింది. కాళ్ళు కడుక్కుంది. లోపలికి పోయి శెనగపప్పు పొయ్యి మీద పెట్టింది.

నేను వచ్చేసరికి ఇల్లంతా బెల్లం వాసన. పండగ లేదు, పబ్బం లేదు. కరువులో దాచిన బెల్లం, ఎవరూ ముట్టకూడదని అటక మీద పెట్టిన నెయ్యి, అన్నీ కిందికి దిగాయి. అత్త ఓళిగలు చేస్తోంది, బొబ్బట్లంటారే అవి.

"ఏమత్తా, ఎవరొస్తున్నారు?"

"ఎవురూ రాలేదు. కూర్చో. తిను."

ఒకటి పెట్టింది. రెండు. మూడోదానికి నేను చెయ్యి అడ్డం పెడితే చెయ్యి పక్కకు నెట్టి వేసింది. నాలుగోది నోటికే అందించింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగ అనుకున్నాను. నా మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టిందో అర్థంకాక, ఇక చదువు మాట ఎత్తనివ్వకుండా బుజ్జగిస్తోందని నాకు అనుమానం వచ్చింది. అందుకే కోపంగా తిన్నాను. కోపంగా తిన్నా ఓళిగ రుచిగానే ఉంటుంది.

తర్వాత ఎప్పుడో అడిగితే అంది, "ఆ మాట వింటే నువ్వు మళ్ళా ఎన్ని దినాలకు తీపి ముడతావో ఏమో. అందుకే ముందే పెడితి" అని.

తిన్నాక చెబుదామనుకుందట. నోరు రాలేదు. మరునాడు తెల్లవారగానే, "పా, మీ నాయన్ను చూసొద్దాం" అంది.

"ఇప్పుడా? ఆయన ఊళ్ళో లేనప్పుడా?"

"వాడుంటే మాత్రం ఏం మాట్లాడతాడు? పా అంటే పా."

మేకలను సుంకమ్మకు అప్పజెప్పాము. మడకశిరలో ఒక బస్సు మారాము, హిందూపురంలో ఒక బస్సు మారాము. అత్త చేతిలో రెండు మూటలు. ఒకదాంట్లో మిగిలిన ఓళిగలు. రెండోది అరచేయంత గుడ్డ చుట్ట. దాన్ని ఓళిగల మూటకు తగలనివ్వకుండా ఎడమచేతిని కిటికీ బయటికి పెట్టి పట్టుకుంది. అదేందంటే మొక్కుబడి అంది. ముట్టబోతే చెయ్యి మీద కొట్టింది. దారి పొడుగునా ఏడ్చింది. శబ్దం లేదు, నీళ్ళు కారుతూ ఉన్నాయంతే. దుమ్ము పడిందంది. కండక్టరు కూడా జాలిపడి పక్కసీటు ఖాళీ చేయించాడు.

మా పుట్టిల్లు గోరంట్ల చేరేసరికి మూడయింది. మా వీధి మలుపు తిరిగాక అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంటి ముందు జనం లేరు. మా నాయన అరుగు మీద కూర్చుని చాటలో చెనక్కాయలు ఒలుస్తూ, దొడ్లోకి పోతున్న పక్కింటివాళ్ళ కోళ్ళను తిడుతున్నాడు.

అత్త నడివీధిలో చతికిలబడిపోయింది. "ఉండావా అన్నా!" అంది.

మా నాయన చాట పక్కన పెట్టి లేచాడు. "ఉండక యాడికి పోతానక్కా? ఏమయింది? అమ్మాయీ, ఏమయింది మీ అత్తకు?"

అప్పుడు గుడ్డ చుట్ట విప్పింది. వేపాకులు రాలాయి. మా నాయన గడప బయటే నిలబెట్టి నాచేత కార్డు చదివించాడు. రెండుసార్లు చదివాను. ఒకసారి మనసులో, ఒకసారి పైకి తెలుగులో.

"ఇంటర్వ్యూ. అనంతపురంలో. రేపు పొద్దున పదికి."

మా నాయన నవ్వడం మొదలుపెట్టాడు. తన చావు కబురు తీసుకొచ్చిన వియ్యపురాలిని చూసి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. నవ్వుతూనే ఓళిగల మూట విప్పి రెండు తినేశాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నిన్ననే చూసుకునుంటే ఒక్కరోజైనా చదువుకునేదాన్ని. "చదవడం రానప్పుడు నా కార్డు నాకే ఇవ్వచ్చు గదా అత్తా!" అని అరిచాను. అంత నోరున్న మనిషి తలవంచుకుని అరుగు చివర కూర్చుంది. నా సర్టిఫికెట్లు ఎట్లాగూ పుట్టింటి పెట్టెలోనే ఉన్నాయి. అవి తీసి పెట్టుకున్నాను.

మరునాడు తెల్లవారి మొదటి బస్సుకు బయలుదేరాను. నాయన వస్తానన్నాడు. అత్త వినలేదు. "ఈడిదాకా తెచ్చింది నేను. ఆడికి కూడా నేనే తీసకపోతా" అంది.

అనంతపురంలో ఒక కాలేజీ గది. మా నాలుగు జిల్లాలనుంచి పదకొండుమంది వచ్చారు. అందులో తొమ్మిదిమంది మగపిల్లలు, ఇస్త్రీ చొక్కాలు. బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. పెద్ద కళ్ళద్దాల మేడమ్ ఒకామె, పత్రికలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు, కాగితాలు సర్దే గుమాస్తా ఒకరు. ముందు అందరికీ ఒక్కొక్క తెల్లకాగితం ఇచ్చారు.

"ఈ వారంలో మీరు కళ్ళారా చూసిన సంగతి ఒకటి రాయండి. ఒక్క పేజీ మించకూడదు. చదవడం రానివాళ్ళకు చదివి వినిపిస్తే అర్థం కావాలి. అరగంట," అన్నాడు పెద్దాయన.

పక్కవాళ్ళ కాగితాల మీద కరువు రాక్షసి కోరలు చాస్తోంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. అత్త మెట్ల మీద కూర్చుని, పొద్దున తినకుండా వచ్చినందుకు నాకోసం కొన్న అరటిపండ్లను కొంగులో పట్టుకుని ఉంది. నిన్నటి కోపం అప్పటికి సగం చల్లారింది. నల్లమూల కార్డు సంగతి రాశాను. ఒకే పేజీ. తాలూకా ఆఫీసు గుమాస్తా మాట గుర్తుపెట్టుకుని ముఖ్యమైన మాట మొదట్లోనే పెట్టాను.

నా వంతు వచ్చింది. పెద్దాయన చదివి, కాగితం మేడమ్‌కు ఇచ్చాడు. ఆమె పెదవులు కదిలాయి, నవ్వు ఆపుకుంటున్నట్టు.

"మీ అత్తగారికి చదవడం రాదన్నారు. ఆమెకు వినిపించారా ఇది?" అన్నాడు పెద్దాయన.

"లేదండీ. ఇప్పుడే కదా రాసింది. బయటే ఉంది."

"పిలవండి."

అత్త చెప్పులు బయట వదిలి, అరటిపండ్లు వదలకుండా లోపలికి వచ్చింది. కుర్చీ చూపిస్తే వద్దని గోడకు ఆనుకుని నిలబడింది. నేను చదివాను. మా అరుగు మీద వినేటట్టే విన్నది, తల ఒకవైపు వంచి. ఓళిగల దగ్గర, "నాలుగు గాదు, అయిదు తినింది" అని సరిదిద్దింది. మా నాయన కోళ్ళను తిట్టిన చోట నవ్వింది. నాకు ధైర్యం వచ్చింది. చివరి వాక్యాలు కాస్త గొంతు పెంచి చదివాను. వియ్యంకుడు పోయాడన్న దుఃఖంతో ఆమె దారి పొడుగునా ఏడ్చింది అని.

"ఆ మాట తప్పు," అంది అత్త.

నేను ఆగిపోయాను.

"ఏది తప్పమ్మా?" అని పెద్దాయన అడిగాడు.

"నేను ఏడ్చింది వాళ్ళ నాయన కోసరం గాదు సారూ. ఆయప్ప మంచోడే, పోయింటే ఏడ్చేదాన్నే. కానీ నేను ఏడ్చింది దానికి గాదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈ పాపకు ఆ సదువు కార్డు రాకూడదని ఆంజనేయసామికి మొక్కుకుంటి. శనివారాలు తిరిగితి. మంగళవారం చూస్తే నల్ల కార్డు వచ్చె. సదువు కార్డు ఆపమంటే సామి ఇట్ల ఆపినాడే, నా మొక్కు పోయి ఆయప్ప మీద పడిందే అనుకుంటి. బిడ్డకి నాయన లేకుండా చేస్తినే అని ఏడిస్తి."

నాకు వచ్చింది కోపమో, సిగ్గో తెలియలేదు. ఎండలో ఆ ప్రదక్షిణలన్నీ నాకు ఎదురుగానా?

మేడమ్ లేచి అత్తకు గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది. పెద్దాయన నా వైపు తిరిగాడు.

"ఎందుకేడ్చావని ఆమెను అడిగారా?"

"లేదండీ."

"ఎందుకు అడగలేదు?"

"నాకు తెలుసనుకున్నాను."

ఆయన తల ఊపి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఇక మీరు వెళ్ళవచ్చు అన్నాడు. అయిపోయింది అనుకున్నాను. అడగకుండానే తప్పు రాసినదానికి సీటు ఎవరిస్తారు?

కళ్యాణదుర్గం బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాము. అత్త అరటిపండు ఒలిచి ఇచ్చింది. తీసుకోలేదు. తానూ తినలేదు. ఒక గంటసేపు బయటికి చూస్తూ కూర్చున్నాను. ఖాళీ చేలు, రాళ్ళు, మళ్ళీ చేలు. ఆమె చెప్పిన కారణాలన్నీ నాకు కంఠతా వచ్చు. బియ్యం, హాస్టలు, చుట్టాలు, నీళ్ళు. ఒక్కొక్కదానికీ జవాబు తయారుచేశాను గానీ, వాటిలో ఏది నిజమని ఆమెను ఒక్కసారైనా అడగలేదు.

"అత్తా, నాకు ఆ కార్డు ఎందుకు రాకూడదనుకున్నావు?"

"నీకు తెల్దా?"

"తెలియదు. చెప్పు."

చేతిలో పండు అటూ ఇటూ తిప్పింది.

"మీ మామ పోయి పదైదేండ్లాయ. నా కొడుకు సంగతి నీకు తెలిసిందే, పుట్టినప్పటినుంచీ అంతే. నువ్వు రాక ముందు నేను మేకల్తో మాట్లాడతాంటి. నవ్వొద్దు, నిజం. తెల్లార్తో లేస్తే మేకల్తోనే. నువ్వొచ్చినాక నాకు మాట్లాడేదానికి మనిషి దొరికె. నీళ్ళు నేను మోస్తా. సంగటి నేను గెలుక్కుంటా. చుట్టాలు నవ్వితే నవ్వనీ, వాళ్ళ పండ్లు వాళ్ళకుండాయి. మాట్లాడే మనిషిని యాడ తెచ్చుకునేది నేను?"

రెండేళ్ళుగా ఆ మనిషి పక్కన కూర్చుని ఊళ్ళో ప్రతి ఆడదాని మనసులో మాటా రాసిపెట్టాను. ఆమె మనసులో మాట నాకు తెలియలేదు. ఆమె చేతిని లాక్కుని నా ఒళ్ళో పెట్టుకున్నాను.

"సీటు రాదులే అత్తా," అన్నాను ఏడుస్తూ.

"వస్తాది. వస్తే పో. పోకుంటే మళ్ళా ఆ సామి నాతోనే పెట్టుకుంటాడు," అని అరటిపండు నా నోట్లో కుక్కింది.

జూన్ చివర్లో సీటు వచ్చింది. కవరు విప్పి ఆయనే చదివి తల్లికి వినిపించాడు. ఆమె ఓళిగలు చేయలేదు, బెల్లం అయిపోయింది. చెనక్కాయల ఊరుబిండి పచ్చడి దంచి సీసాకు పెట్టింది.

బయలుదేరే ముందురోజు సాయంత్రం ఆయన్ను దొడ్లోకి పిలిచి చెప్పాను. "రోజూ అరుగు మీద అమ్మ పక్కన కూర్చుని గంటసేపు మాట్లాడాలి."

"ఊ," అన్నాడు. కాసేపటికి నిజంగానే దిగులుపడుతూ అడిగాడు. "ఏం మాట్లాడాల?"

"ఏదో ఒకటి," అన్నాను.

హైదరాబాదు హాస్టలుకు ఆయన మొదటి ఉత్తరం తొమ్మిదో రోజు వచ్చింది. ఇన్‌లాండు లెటరు, సగం ఖాళీ. క్లాసుకు పోతూ మెట్ల మీద నిలబడి విప్పాను.

"ఇక్కడ అందరమూ క్షేమం. నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. సోమవారం అమ్మతో వాన గురించి మాట్లాడాను. మంగళవారం వాన రాలేదు కాబట్టి మళ్ళీ దాని గురించే మాట్లాడాను. బుధవారం మాటలు అయిపోయి ఊరికే కూర్చున్నాము. కాసేపటికి, నువ్వు ఎప్పుడైనా బడికి పోయినావా అమ్మా అని అడిగాను. చిన్నప్పుడు మూడు రోజులు పోయిందట. నాలుగోరోజు మేకలకు పంపారట. పలక ఇంకా పుట్టింట్లో ఉందేమో అంది. నేను పదేళ్ళుగా టీచరును. నాకు ఈ సంగతి తెలియదు. రేపటికి ఏం అడగాలో తోచడం లేదు. ఒక నాలుగు ప్రశ్నలు రాసి పంపు."

ఆ రోజు నేను క్లాసుకు పోలేదు. అక్కడే మెట్ల మీద కూర్చుని, నోటుపుస్తకం మోకాళ్ళ మీద పెట్టుకుని, నాలుగు కాదు, నలభై ప్రశ్నలు రాశాను. అన్నీ నేను ఆమెను అడగకుండా వచ్చేసినవే.